పొడుగు మాటకు ఇంగ్లీషు, పొట్టి మాటకు సంస్కృతం: నెల్లూరు, ఒంగోలు వాళ్లు స్పానిష్ పదాలు పట్టుకునే దారి

స్పానిష్ నేర్చుకుందామని పుస్తకం తెరిచి, మాటల పట్టికలు చూడగానే మూసేసే వాళ్లు మనలో చాలామంది. ఇన్ని వేల మాటలు ఎట్టా గుర్తుపెట్టుకునేదని టెన్షన్. కానీ ఆ టెన్షన్ అనే మాటే స్పానిష్‌లో 'తెన్సియోన్'. అర్థం అదే, పైగా బీపీని కూడా అక్కడ ఆ మాటతో అంటారు. అంటే ఒక మాట మీకు ముందే వచ్చు. ఇట్లా మీకు తెలియకుండానే వచ్చిన మాటలు వందల్లో ఉన్నాయి. వాటిని ఎట్లా బయటికి తీయాలో, ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో మొదటి నుంచి చెప్తాను.

ఇది ఎవరికంటే, అమెరికా వెళ్లే ఆలోచన ఉన్న పిల్లలకు, ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకు, చీమకుర్తి గ్రానైట్ బయటి దేశాలకు అమ్మే వాళ్లకు, ఊరికే ఇష్టంతో నేర్చుకునే వాళ్లకు కూడా. స్పానిష్ ఇరవై దేశాల్లో అధికార భాష. ఇంగ్లీషు బాగా మాట్లాడటం రావాలనేం లేదు. రోజూ తెలుగులో కలిపి వాడే ఇంగ్లీషు మాటలు చాలు.

ముందు ఈ పోలిక ఎందుకు వచ్చిందో తెలియాలి, లేకపోతే ఏ మాట కలుస్తుందో ఏది కలవదో ఊహించలేం. రోమన్లు మాట్లాడిన లాటిన్ నుంచి పుట్టింది స్పానిష్. ఇంగ్లీషు అసలు కుటుంబం వేరు, అది జర్మన్ వైపుది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచారు, ఆ తర్వాత చాలాకాలం అక్కడ రాజుల దగ్గరా కోర్టుల్లోనూ ఫ్రెంచే నడిచింది, ఆ ఫ్రెంచి కూడా లాటిన్ నుంచి వచ్చిందే. తర్వాత చదువుకున్న వాళ్లు నేరుగా లాటిన్ పుస్తకాల నుంచే ఇంకొన్ని వేల మాటలు తెచ్చుకున్నారు. అందుకే ఇంగ్లీషులో రెండు పొరలు కనిపిస్తాయి. వాటర్, హౌస్, ఈట్, స్లీప్ లాంటి ఇంటి మాటలు పాతవి, పొట్టివి. ఎడ్యుకేషన్, పాసిబిలిటీ, ఆపరేషన్ లాంటి ఆఫీసు, కాలేజీ, ఆస్పత్రి మాటలు లాటిన్‌వి, పొడుగువి. మనకు నీళ్లు-జలం, ఇల్లు-గృహం ఉన్నట్టే ఇది కూడా.

కాబట్టి లెక్క ఇది. పొడుగు మాటలు ఇంగ్లీషు మీదుగా వస్తాయి. పొట్టి మాటల్లో కొన్ని మన తెలుగులో ఉన్న సంస్కృతం మీదుగా వస్తాయి, ఈ సంగతి ఇంగ్లీషులో రాసిన గైడ్లు చెప్పవు, ఎందుకంటే అది మనకే పనికొస్తుంది. మిగతావి కంఠతా పట్టాల్సిందే.

మొదటి మెట్టు: నోరు

మాటల జోలికి పోకముందు ఒక రెండు రోజులు పలకడం మీద పెట్టండి. చాలామంది దీన్ని దాటేస్తారు, కానీ నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఇదే, పైగా తెలుగువాళ్లకు ఇక్కడ ఉన్నంత సుఖం ఇంగ్లీషు పుట్టినింటి భాషగా ఉన్నవాళ్లకు కూడా లేదు.

స్పానిష్ అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ చూసినా అదే పలుకు, ఇంగ్లీషులో లాగా ఒక్కో మాటలో ఒక్కో రకం ఉండదు. ఇంగ్లీషు మాటలు పలికేటప్పుడు మనం వాడే ట, డలను పక్కన పెట్టి త, ద వాడాలి. డాక్టర్ 'దొక్తోర్' అవుతుంది, మోటార్ 'మొతోర్' అవుతుంది. హెచ్ అక్షరం రాస్తారు కానీ పలకరు, కాబట్టి హాస్పిటల్ 'ఒస్పితాల్'. వీ అక్షరాన్ని బ అనే పలుకుతారు. జె అక్షరం గొంతులోంచి వచ్చే గట్టి హ. జీ అక్షరం తర్వాత ఈ గానీ ఐ గానీ వస్తే దానికీ అదే పలుకు. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే చాలా దేశాల్లో య. రెండు ఆర్‌లు ఉంటే మన ఱ గుర్తు తెచ్చుకుని నాలుక కొసను గట్టిగా ఆడించండి. ఎన్ మీద చిన్న అల ఉంటే అది మన ఞ. వర్షాకాలం వచ్చిందంటే టీవీలో చెప్పే ఎల్ నినో ఆ అక్షరం ఉన్న మాటే, సరిగ్గా పలికితే 'ఎల్ నీఞో', అంటే పిల్లవాడు. పెరూ తీరంలో జాలర్లు క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం చూసి బాల ఏసు పేరుతో అట్లా పిలిచారు. లా నీఞా అంటే పిల్ల. ఎల్ మగవాళ్ల ముందు, లా ఆడవాళ్ల ముందు పెట్టే ముక్కలు, వీటి సంగతి తర్వాత.

ఒక్కచోట మాత్రం దేశాన్ని బట్టి తేడా ఉంది. సీ అక్షరం తర్వాత ఈ, ఐ వచ్చినా, లేదా జెడ్ వచ్చినా, లాటిన్ అమెరికాలో స అంటారు, స్పెయిన్‌లో ఎక్కువచోట్ల ఇంగ్లీషు థింక్‌లో మొదటి పలుకు లాగా అంటారు. నేను ఇక్కడ స తోనే రాస్తున్నాను.

ఇంకో రెండు సంగతులు మన నోటికే ప్రత్యేకం. మన పల్లెల్లో పెద్దవాళ్లు స్కూలును ఇస్కూలు అంటారు కదా, స్పానిష్ వాళ్లు కూడా ఎస్ తర్వాత హల్లు వచ్చే మాటలన్నిటికీ ముందు ఒక ఎ పెడతారు. స్కూలు 'ఎస్క్వేలా', స్టేషన్ 'ఎస్తాసియోన్', స్పెషల్ 'ఎస్పెసియాల్', స్టూడెంట్ 'ఎస్తుదియాంతె', స్టమక్ 'ఎస్తోమాగో', స్పెయిన్ 'ఎస్పాఞా'. రెండోది, మనం ఇంగ్లీషు మాట చివర హల్లు ఉంటే అచ్చు తగిలించి పలుకుతాం: బ్యాంకు, సిమెంటు, డాక్యుమెంటు, ఆర్టిస్టు. వాళ్ల మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి: 'బాంకో', 'సెమెంతో', 'దొకుమెంతో', 'అర్తిస్తా'. మన ఉ తీసి వాళ్ల ఓ, ఎ, ఆ పెట్టడమే. అందుకే చెప్తున్నా, స్టైల్‌గా ఇంగ్లీషు యాసలో పలకడానికి ప్రయత్నించకండి. మన ఇంటి యాసే స్పానిష్‌కు దగ్గర.

నొక్కి పలకడం గురించి ఒక్క మాట. మాట చివర అచ్చు, ఎన్, ఎస్ ఉంటే చివరి నుంచి రెండో అక్షరం మీద బరువు. మిగతా వాటికి చివరి అక్షరం మీద. ఎక్కడైనా అచ్చు మీద చిన్న గీత పెట్టి ఉంటే ఆ గీత ఉన్నచోటే బరువు. అంతే, మినహాయింపుల గొడవ దాదాపు లేదు.

రెండో మెట్టు: చివర మార్చడం

ఇక అసలు పని. ఇంగ్లీషు పొడుగు మాటల చివర్లు కొన్నే, ఒక్కో చివరకు స్పానిష్‌లో ఒక జత ఉంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. రోజుకు ఒక చివర తీసుకోండి, మీకు తెలిసిన ఇంగ్లీషు మాటలు గుర్తొచ్చినన్ని రాయండి, మార్చండి, తర్వాత డిక్షనరీలో చూసి సరిచూసుకోండి.

అన్నిటికన్నా పెద్ద నిధి 'షన్' అని ముగిసే మాటలు. ఇంగ్లీషులో టీ-ఐ-ఓ-ఎన్ ఉన్నచోట సీ-ఐ-ఓ-ఎన్ రాసి ఓ మీద గీత పెట్టాలి: 'ఎదుకాసియోన్', 'ఇన్ఫొర్మాసియోన్', 'నాసియోన్', 'సిత్వాసియోన్', 'ఒపెరాసియోన్'. ఎస్-ఐ-ఓ-ఎన్ ఉంటే ఎస్ అట్లాగే ఉంటుంది: 'తెలెబిసియోన్', 'దెసిసియోన్', 'పెన్సియోన్'. అప్పుడప్పుడు మాట మధ్యలో కూడా మారుతుంది, ఎక్స్‌ప్లనేషన్ 'ఎక్స్‌ప్లికాసియోన్' అవుతుంది, ట్రాన్స్‌లేషన్ 'త్రదుక్సియోన్' అవుతుంది. అందుకే సరిచూసుకోవడం తప్పనిసరి.

రెండోది 'టీ' అని ముగిసేవి. వీటికి 'దాద్': 'ఉనిబెర్సిదాద్', 'ఎలెక్త్రిసిదాద్', 'పొసిబిలిదాద్', 'కలిదాద్' అంటే క్వాలిటీ, 'కంతిదాద్' అంటే క్వాంటిటీ. కొన్నిటికి 'తాద్' వస్తుంది, లిబర్టీకి 'లిబెర్తాద్', డిఫికల్టీకి 'దిఫికుల్తాద్'.

అసలు మార్చాల్సిన పనే లేనివి కూడా ఉన్నాయి. 'ఆల్', 'ఓర్', 'బుల్' అని ముగిసేవి చాలావరకు అట్లాగే రాస్తారు, పలుకు మాత్రమే మారుతుంది: 'అనిమాల్', 'నొర్మాల్', 'లొకాల్', 'హెనెరాల్', 'దిరెక్తోర్', 'ఎరోర్', 'త్రక్తోర్', 'పొసీబ్లె', 'తెరీబ్లె', 'ఫ్లెక్సీబ్లె'.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఫేమస్, డెలీషియస్, జెనరస్ లాంటి వాటికి 'ఓసో': 'ఫమోసో', 'దెలిసియోసో', 'హెనెరోసో'. ఫైనల్లీ, నార్మల్లీ లాంటి వాటికి 'మెంతె': 'ఫినాల్మెంతె', 'నొర్మాల్మెంతె'. ప్లాస్టిక్, పబ్లిక్ లాంటి వాటికి 'ఇకో': 'ప్లాస్తికో', 'పూబ్లికో'. టూరిస్ట్ 'తురీస్తా', టూరిజం 'తురీస్మో'. ఇంపార్టెంట్ 'ఇంపొర్తాంతె', డిఫరెంట్ 'దిఫెరెంతె', యాక్సిడెంట్ 'అక్సిదెంతె'. డిస్టెన్స్ 'దిస్తాన్సియా', డెమోక్రసీ 'దెమొక్రాసియా'. శాలరీ 'సలారియో', డిక్షనరీ 'దిక్సియొనారియో', నెసెసరీ 'నెసెసారియో'. పాజిటివ్ 'పొసితీబో'. లిక్విడ్ 'లీకిదో', రాపిడ్ 'రాపిదో'. క్రియల్లో ఏట్ అని ముగిసేవి 'ఆర్' అవుతాయి: సెలబ్రేట్ 'సెలెబ్రార్', పార్టిసిపేట్ 'పర్తిసిపార్'. ఫై అని ముగిసేవి 'ఫికార్': వెరిఫై 'బెరిఫికార్'. అసలు క్రియ వచ్చాక 'నేను' అని చెప్పాలంటే ఆ 'ఆర్' తీసి 'ఓ' పెడితే చాలు: 'సెలెబ్రో' అంటే నేను జరుపుకుంటాను.

రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. పీ-హెచ్ ఉన్నచోట ఎఫ్ రాస్తారు, టీ-హెచ్ ఉన్నచోట ఉత్త టీ. జంట అక్షరాలు ఎక్కువగా ఒంటివి అవుతాయి, పాసిబుల్‌లో ఒక ఎస్, ఆఫీస్‌లో ఒక ఎఫ్ పోతాయి. స్పెల్లింగ్ గొడవతో ఇంగ్లీషు అంటేనే భయపడ్డ వాళ్లకు స్పానిష్ రాయడం నిజంగా హాయిగా ఉంటుంది, పలికినట్టే రాస్తారు కాబట్టి.

మూడో మెట్టు: ఊళ్లోనే ప్రాక్టీసు

నెల్లూరు వాళ్లయితే పొగతోటలో ఒక సాయంత్రం నడవండి. బోర్డు బోర్డుకు ఒక పాఠం. కార్డియాలజీ 'కర్దియొలొహీయా', డెర్మటాలజీ 'దెర్మతొలొహీయా', ఆర్థోపెడిక్స్ 'ఒర్తొపేదియా', మెటర్నిటీ 'మతెర్నిదాద్', ఫెర్టిలిటీ 'ఫెర్తిలిదాద్', డెంటల్ 'దెంతాల్', లాబొరేటరీ 'లబొరతోరియో', ఫార్మసీ 'ఫర్మాసియా', ఎమర్జెన్సీ 'ఎమెర్హెన్సియా', అంబులెన్స్ 'అంబులాన్సియా', పేషెంట్ 'పసియెంతె'. డయాబెటిస్ రాతలో అచ్చం అదే, పలికితే 'దియబేతెస్'. ఒక్క వీధిలో ఇన్ని. ఒంగోలు వాళ్లు కర్నూలు రోడ్డు మీద ఇదే పని చేయొచ్చు. బోర్డు చూడగానే ముందు మీరే ఊహించండి, మనసులో పలకండి, ఇంటికొచ్చాక సరిచూసుకోండి.

ఇంటర్ పిల్లలకైతే వాళ్ల గ్రూపే పాఠం. ఎంపీసీ అంటే 'మతెమాతికాస్', 'ఫీసికా', 'కీమికా'. బైపీసీకి మ్యాథ్స్ తీసేసి 'బియొలొహీయా' పెట్టండి. సీఈసీ వాళ్లకు 'ఎకొనొమీయా', 'కొమేర్సియో' ఉన్నాయి. ఎగ్జామ్ 'ఎక్సామెన్', క్లాసు 'క్లాసె'.

ఇక రొయ్యల చెరువుల దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన దగ్గర ఇప్పుడు వేసే వెనామీ రొయ్య పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం, మెక్సికో నుంచి పెరూ ఉత్తర భాగం దాకా. మన దేశంలో 2009లో దాని సాగుకు అనుమతి వచ్చింది. ఎగుమతిలో మనకు గట్టి పోటీ ఈక్వెడార్, అక్కడ మాట్లాడేది స్పానిష్. అంటే అక్కడి రైతు చెరువు గట్టున ఏం మాట్లాడుకుంటున్నాడో, ధరల గురించి అక్కడి పేపర్లు ఏం రాస్తున్నాయో నేరుగా చదివి తెలుసుకోవడం మన ఆక్వా కుటుంబాల పిల్లలకు నిజంగా పనికొచ్చే విద్య. ఎంత కష్టం అంటారా? మన చెరువుల దగ్గర రోజూ వినిపించే మాటలు చూడండి. సెలినిటీ 'సలినిదాద్', ఆల్కలినిటీ 'అల్కలినిదాద్', టెంపరేచర్ 'తెంపెరతూరా', ఆక్సిజన్ 'ఒక్సీహెనో', అమ్మోనియా 'అమొనీయకో', ప్రోబయోటిక్ 'ప్రొబియోతికో', యాంటీబయోటిక్ 'అంతిబియోతికో', మినరల్స్ 'మినెరాలెస్', ప్రోటీన్ 'ప్రొతెయీనా', బాక్టీరియా 'బక్తేరియా', వైరస్ 'బీరుస్', ఏరియేటర్ 'అయిరెయదోర్', ప్రొడక్షన్ 'ప్రొదుక్సియోన్', ఎక్స్‌పోర్ట్ 'ఎక్స్‌పొర్తసియోన్'. చదువు పెద్దగా లేని రైతుకు కూడా ఈ ఇంగ్లీషు మాటలన్నీ వచ్చు. నీళ్లు మాత్రం 'ఆగ్వా', అదీ మన ఆక్వాకు చుట్టమే. రొయ్యకు లాటిన్ అమెరికాలో 'కమరోన్' అంటారు, ఇది కంఠతా పట్టాల్సిన మాట. వైట్ స్పాట్ జబ్బును 'మాంచా బ్లాంకా' అంటారు, అంటే తెల్ల మచ్చ. పోర్టు 'ప్వేర్తో', రేటు 'ప్రేసియో', ఇంగ్లీషు ప్రైస్ దాంట్లో కనిపిస్తూనే ఉంది.

ఒంగోలు వైపు పొగాకు రైతులకూ ఒక మాట. టొబాకో అనే ఇంగ్లీషు మాట స్పానిష్ 'తబాకో' నుంచే వచ్చింది. టమోటా కూడా అంతే, మెక్సికో ఆదివాసుల భాష నుంచి స్పానిష్‌లోకి 'తొమాతె'గా వచ్చి అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. చాక్లెట్ 'చొకొలాతె', దోమ పేరు మస్కిటో అచ్చంగా స్పానిష్ మాట 'మొస్కీతో', చిన్న ఈగ అని అర్థం. గ్రానైట్ 'గ్రనీతో', గెలాక్సీ 'గలాక్సియా', నలుపు 'నేగ్రో'. ఇంకో సంతోషం, బొలీవియా, పరాగ్వే పశువుల సంతల్లో 'నెలోరె' అనే జాతి పేరు వినిపిస్తుంది. మన ఒంగోలు గిత్తల సంతతే బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతో అక్కడ స్థిరపడింది, అక్కడి నుంచి చుట్టుపక్కల దేశాలకు పాకింది. ఆ మాట నేర్చుకోవాల్సిన పనే లేదు మనకు.

నాలుగో మెట్టు: పొట్టి మాటలు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యూనివర్సిటీ, ఎలెక్ట్రిసిటీ సులభంగా వచ్చాయి, మరి చెయ్యి, పన్ను, నెల, నిద్ర ఎట్లా? ఇంగ్లీషులో హ్యాండ్, టూత్, మంత్, స్లీప్ చూస్తే ఏ పోలికా కనిపించదు. మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది, ఇంగ్లీషులో ఆ మాటకు సంబంధించిన పెద్ద మాట వెతకడం. స్లీప్ వద్దు, డార్మిటరీ గుర్తు తెచ్చుకోండి: నిద్రపోవడం 'దొర్మీర్'. సన్ వద్దు, ఇంటి మీద సోలార్ ప్యానెల్ చూడండి: సూర్యుడు 'సోల్'. సీ వద్దు, రొయ్యల కంపెనీ బోర్డు మీద మెరైన్ అని ఉంటుంది: సముద్రం 'మార్'. మూన్‌కు బదులు లూనార్: 'లూనా'. హ్యాండ్‌కు బదులు మాన్యువల్: 'మానో'. సెల్‌కు బదులు వెండర్: అమ్మడం 'బెందేర్'. ఈజీకి బదులు ఫెసిలిటీ: 'ఫాసిల్'. డ్రింక్‌కు బదులు బెవరేజ్: 'బెబేర్'. ఇయర్‌కు బదులు యాన్యువల్: 'ఆఞో'. ఇంగ్లీషులో ఇవి కాస్త బరువు మాటలు, కానీ స్పానిష్‌లో ఇవే ఇంటి మాటలు, చంటి పిల్లలు కూడా వాడేవి. కాబట్టి స్పానిష్‌లో మాట తట్టకపోతే ఇంగ్లీషులో చిన్న మాటను వదిలేసి పరీక్ష పేపర్లో రాసే పెద్ద మాట పట్టుకోండి, స్టార్ట్ కాదు కమెన్స్, బిల్డ్ కాదు కన్‌స్ట్రక్ట్. 'కొమెన్సార్', 'కొన్‌స్త్రుయీర్' వచ్చేస్తాయి.

రెండో ఉపాయం మన సొంతం. లాటిన్, సంస్కృతం దూరపు చుట్టాలు, ఒకే పాత భాష నుంచి వచ్చినవి. తెలుగు వేరే కుటుంబమే అయినా సంస్కృత మాటలు మన నోట్లో బోలెడు. అందుకని అంకెలు మన పూజా పుస్తకం చూసినట్టే ఉంటాయి: ద్వి 'దోస్', త్రి 'త్రేస్', సప్త 'సియేతె', అష్ట 'ఓచో', నవ 'న్వేబె', దశ 'దియేస్'. దంతం 'దియెంతె'. మాసం 'మేస్'. నామం 'నోంబ్రె'. సర్పం 'సెర్పియెంతె'. నావ 'నాబె'. మధ్య 'మేదియో'. రాజు 'రేయ్'. దేవుడు 'దియోస్'. మరణం, దాని క్రియ 'మొరీర్'. యువకుడు 'హోబెన్', ఇక్కడ య ఉన్నచోట హ వచ్చింది. విధవ 'బియూదా'. వస్త్రం గుర్తుంటే 'బెస్తీదో', గౌను అని అర్థం. ఇవి కాక మన దేశం నుంచే పర్షియా, అరబ్బుల మీదుగా నడిచి వెళ్లినవి ఉన్నాయి, ఎందుకంటే 711 నుంచి స్పెయిన్‌లో చాలా భాగం కొన్ని వందల ఏళ్లు అరబ్బీ పాలకుల కింద ఉంది. నారింజ 'నరాంహా', శర్కర 'అసూకార్'. గూడూరు నిమ్మకాయను లాటిన్ అమెరికాలో చూపిస్తే 'లిమోన్' అంటారు.

మూడో దారి చిన్నది కానీ సరదాగా ఉంటుంది. పోర్చుగీసు వాళ్లు మన తీరాలకు వచ్చి వదిలిపోయిన మాటలు. పోర్చుగీసు, స్పానిష్ అక్కాచెల్లెళ్లు, కాబట్టి అల్మారా 'అర్మారియో', బొత్తాము 'బొతోన్', పాదిరి 'పాద్రె', బొప్పాయి 'పపాయా', మేస్త్రీ 'మయేస్త్రో'. ఈ చివరిది అక్కడ బడిపంతులుకు కూడా వాడతారు.

ఐదో మెట్టు: మోసం చేసే మాటలు

పోలిక ఉంది కదా అని కళ్లు మూసుకుని నమ్మితే దెబ్బతినే మాటలు కొన్ని ఉన్నాయి. వీటికి నోటుబుక్కులో విడిగా ఒక పేజీ పెట్టండి, ఎర్ర పెన్నుతో రాయండి.

ఆర్టీసీ బస్సెక్కే మనకు మొదటి ప్రమాదం 'కొందుక్తోర్'. అక్కడ ఆ మాటకు డ్రైవరు అని అర్థం, టికెట్ ఇచ్చే మనిషి కాదు. రెండోది 'కొలేహియో', కాలేజీ కాదు, బడి. ఇక్కడ ఇంటర్ కాలేజీ అని చెప్దామనుకుని ఆ మాట వాడితే చిన్నపిల్లల బడి అనుకునే అవకాశం ఉంది. 'లిబ్రెరీయా' పుస్తకాల షాపు, లైబ్రరీ 'బిబ్లియొతేకా'. 'అసిస్తీర్' ఎక్కువగా వాడేది క్లాసుకు హాజరవడానికి. 'అక్త్వాల్' అంటే ఇప్పటి, ప్రస్తుతపు. 'ఎక్సితో' అంటే విజయం, బయటికి పోయే దారి 'సలీదా', ఎయిర్‌పోర్టులో ఇది తెలియాలి. 'పరియెంతె' అంటే బంధువు, అమ్మానాన్నలు 'పాద్రెస్'. 'ఫాబ్రికా' ఫ్యాక్టరీ, బట్ట కాదు. 'రోపా' బట్టలు, తాడు కాదు. 'లార్గో' పొడుగు, పెద్ద కాదు. 'కర్పేతా' ఫైలు. 'సెన్సీబ్లె' అంటే సున్నితమైన మనిషి, తెలివిగా ఆలోచించే మనిషి కాదు.

ఆడపిల్లలకు, ఆడవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సింది 'ఎంబరసాదా'. సిగ్గుగా ఉందని చెప్పబోయి ఈ మాట వాడకండి, కడుపుతో ఉన్నానని అర్థం. పచ్చళ్లు, రొయ్యలు, ఏ తిండి వస్తువైనా ఎగుమతి చేసే వాళ్లు లేబుల్ మీద 'ప్రెసెర్బతీబో' అని ఎప్పుడూ రాయకూడదు, అది కండోమ్. నిల్వ ఉండటానికి కలిపే పదార్థం 'కొన్సెర్బాంతె'. స్పెయిన్‌లో ఎవరైనా 'కొన్స్తిపాదో' అంటే జలుబు చేసిందని, కడుపు సంగతి కాదు.

పొట్టి మాటల్లో ఇంకా మోసం. ఇంగ్లీషు వన్స్ లాగా రాసి ఉండే 'ఓన్సె' పదకొండు. రెడ్ లాగా రాసి ఉండే 'రెద్' అంటే నెట్‌వర్క్. 'పాన్' అంటే కిళ్లీ కాదు, బ్రెడ్. 'సిన్' అంటే లేకుండా. నా అనుభవంలో నాలుగక్షరాల లోపు మాట ఇంగ్లీషును పోలి ఉంటే అనుమానించడం మంచిది, పొడుగ్గా ఉంటే నమ్మడం మంచిది.

ఆడ, మగ సంగతి

స్పానిష్‌లో ప్రతి వస్తువుకూ ఆడ మగ ఉంటుంది, తెలుగులో అది లేదు కాబట్టి మొదట చికాకుగా ఉంటుంది. అయితే ఇందాక నేర్చుకున్న చివర్లే దీన్ని కూడా చెప్పేస్తాయి. 'సియోన్', 'దాద్', 'న్సియా', 'హీయా' అన్నీ ఆడవి, ముందు 'లా'. 'మెంతో', 'ఇస్మో', 'ఓరియో' మగవి, ముందు 'ఎల్'. 'ఇస్తా' మనిషిని బట్టి రెండూ. ఒక్క చోట జాగ్రత్త: గ్రీకు నుంచి వచ్చి 'మా'తో ముగిసే 'ప్రొబ్లేమా', 'సిస్తేమా', 'ప్రొగ్రామా', 'క్లీమా' ఆడవిలా కనిపిస్తాయి కానీ మగవి. 'ఎల్ ప్రొబ్లేమా' అనాలి. మాట నేర్చుకునేటప్పుడే ఎల్, లాతో కలిపి నేర్చుకోండి, తర్వాత విడిగా నేర్చుకోవడం రెట్టింపు పని.

రోజూ చేయాల్సింది

ఒక నోటుబుక్కు, మూడు భాగాలు. మొదటి దాంట్లో చివర మార్చితే వచ్చే పొడుగు మాటలు, రెండో దాంట్లో సంస్కృతంతో, పెద్ద ఇంగ్లీషు మాటలతో పట్టుకున్న పొట్టి మాటలు, మూడో దాంట్లో మోసగాళ్లు. ఏ మాటకైనా క్రమం ఒకటే: ముందు ఊహించి రాయాలి, తర్వాత డిక్షనరీలో చూడాలి. ముందే చూసేస్తే ఆ మాట నిలవదు. ఊహ తప్పయితే దాన్ని కొట్టేసి పక్కన సరైనది రాయండి, చెరపకండి, ఎందుకంటే ఎక్కడ తప్పుతున్నారో ఆ గీతలే చూపిస్తాయి. సరిచూసుకోవడానికి రియాల్ అకదేమియా ఎస్పాఞోలా డిక్షనరీ ఉంది, 1713లో పెట్టిన సంస్థ అది, డిక్షనరీ నెట్‌లో ఉచితం. మొదట్లో అది అర్థం కాదు కాబట్టి ఇంగ్లీషు-స్పానిష్ డిక్షనరీ యాప్ ఏదైనా వాడండి, మాట పలికి వినిపించేది అయితే మేలు.

ఈ దారిలో రాని మాటలు కొన్ని రోజుకు ఐదారు చొప్పున కంఠతా పట్టాలి, వేరే మార్గం లేదు. 'దె' అంటే యొక్క, 'ఎన్' అంటే లో, 'కోన్' అంటే తో, 'ఇ' అంటే మరియు, 'పేరో' అంటే కానీ, 'మూయ్' అంటే చాలా, 'ఓయ్' అంటే ఈరోజు, 'ఎస్' అంటే ఉంది లేదా అవుతుంది, 'సోన్' అంటే ఉన్నాయి. ఇవి లేకపోతే పొడుగు మాటలు ఎన్ని వచ్చినా వాక్యం నిలబడదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పద్ధతి చదవడానికి, వినడానికి త్వరగా పనిచేస్తుంది. మాట్లాడటానికి కాస్త ఆలస్యం అవుతుంది, అది మామూలే. మాట్లాడేటప్పుడు గుర్తు రాకపోతే ఇంగ్లీషు పొడుగు మాటను తెలుగు యాసతో, చివర మార్చి ధైర్యంగా అనేయండి. ఎదుటివాళ్లకు చాలాసార్లు అర్థమవుతుంది, కాకపోతే వాళ్లే సరిచేస్తారు.

ఇప్పుడు ఈ నాలుగు వాక్యాలు గట్టిగా చదివి, కింద చూడకుండా అర్థం రాయండి. 'లా ప్రొదుక్సియోన్ దె కమరోన్ ఎస్ మూయ్ ఇంపొర్తాంతె ఎన్ ఎక్వదోర్. ఓయ్ లా తెంపెరతూరా ఇ లా సలినిదాద్ దెల్ ఆగ్వా సోన్ నొర్మాలెస్. ఎల్ బీరుస్ ఎస్ ఉన్ ప్రొబ్లేమా తెరీబ్లె, పేరో లా సిత్వాసియోన్ నో ఎస్ ఇంపొసీబ్లె. లా ఎక్స్‌పొర్తసియోన్ కొమియెన్సా ఎన్ దోస్ మేసెస్.'

అర్థం ఇది: ఈక్వెడార్‌లో రొయ్యల ఉత్పత్తి చాలా ముఖ్యం. ఈరోజు నీటి ఉష్ణోగ్రత, ఉప్పు శాతం మామూలుగా ఉన్నాయి. వైరస్ భయంకరమైన సమస్య, కానీ పరిస్థితి చెయ్యి దాటిపోలేదు. ఎగుమతి రెండు నెలల్లో మొదలవుతుంది. ఇందులో 'దెల్' అనేది 'దె', 'ఎల్' కలిసిపోయింది. 'ఆగ్వా' ఆడ మాటే అయినా మొదట్లో నొక్కి పలికే ఆ ఉంది కాబట్టి 'లా' బదులు 'ఎల్' తీసుకుంటుంది. 'కొమియెన్సా' అనేది 'కొమెన్సార్' నుంచి వచ్చింది. 'మేసెస్' మన మాసాలే.